చర్చికి వెళ్లేవాళ్లు పంచాయతీకి పోటీ చేయాలంటే: ముందు నుంచి చివరిదాకా ఏం చేయాలి

2021 ఫిబ్రవరి, పంచాయతీ ఎన్నికలు. పోలింగ్‌కి ముందు ఆదివారం మా పాస్టరు గారు ప్రసంగం ముగించి, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఎన్నికల్లో నిలబడ్డ మా సహోదరుడికి జయం దయచేయి" అని ప్రార్థన చేశారు. నా మీద ప్రేమ కొద్దీ చేశారు. కానీ చర్చి మీద హారన్ మైకు ఉంది. ఆ మాట రామాలయం అరుగు దాటి పాలకేంద్రం దాకా వినపడింది. అప్పటిదాకా నేను ఏడో వార్డు మాజీ మెంబర్ని, సర్పంచ్ అభ్యర్థిని. సాయంత్రానికల్లా "చర్చి వాళ్ల క్యాండిడేట్"ని అయిపోయాను. 63 ఓట్ల తేడాతో పోయింది.

అంతా ఆ ప్రార్థన మీదికే తోసేయను. డబ్బులు పంచలేదు, అదీ ఒక కారణం. జనరల్ సీటులో మావాళ్లు నిలబడటమే నచ్చనివాళ్లూ ఉన్నారు. కానీ ఓడిపోయాక తీరిగ్గా కూర్చుంటే నా తప్పు నాకు కనపడింది. నామినేషన్ వేసిన రోజే "చర్చి ఓట్లు మూడొందలు ఖాయం" అని కాగితం మీద రాసుకున్నాను. ఓట్లు లెక్కపెట్టుకోవడానికి చర్చిని వాడుకున్నాను. నా లెక్కలు చూడమని వాళ్లని ఒక్కసారీ అడగలేదు. 2013లో వార్డు మెంబరుగా గెలిచినప్పుడు మాత్రం అది చేశాను, ఎలాగో చివర్లో చెప్తాను.

మన యూత్‌లో కొందరు "అన్నా, ఈసారి నిలబడదామనుకుంటున్నా" అని ఫోన్ చేస్తున్నారు. వాళ్లందరికీ విడివిడిగా చెప్పేదాన్ని ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను. ఆంధ్ర, తెలంగాణ రెండు చోట్లా పనికొస్తుంది. సర్పంచ్, వార్డు మెంబరు ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కాబట్టి మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. వయసు 21 నిండితే చాలు.

మొదటి పని: ఎవరికీ చెప్పకుండా ఊరు తిరగండి

నోటిఫికేషన్ వచ్చాక తిరిగితే ఓట్ల కోసం తిరిగినట్టే ఉంటుంది. ఏడాది ముందు మొదలుపెట్టండి, అదీ రాత్రిపూట.

ఈ మాట నాది కాదు, బైబిల్లో కూలిన గోడ తిరిగి కట్టించిన నెహెమ్యాది. యెరూషలేము చేరాక మూడు రోజులు ఊరుకున్నాడు. తర్వాత రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకుని కూలిపోయిన గోడ చుట్టూ తిరిగి చూశాడు. తన మనసులో ఏముందో అధికారులకి కూడా చెప్పలేదు. ఎక్కడ గోడ పడిపోయిందో, ఏ గుమ్మం కాలిపోయిందో కళ్లారా చూశాకే నోరు విప్పాడు. సండే స్కూల్లో మనకి ఇదంతా ప్రార్థనా వీరుడి కథలా చెప్తారు. నాకైతే స్థానిక సంస్థల్లో పనిచేసేవాడికి ఇచ్చిన ట్రైనింగ్ నోట్సులా అనిపిస్తుంది.

కాబట్టి టార్చిలైటు, చిన్న నోటుబుక్కు పట్టుకుని రాత్రి తొమ్మిదింటికి బయల్దేరండి. వెలగని వీధి దీపాలు ఎన్ని, స్తంభం నంబర్లేమిటి? సైడు కాలువ ఎక్కడ పూడింది? కుళాయి చివరి ఇంటికి నీళ్లు వస్తున్నాయా, మధ్యలో ఎవరైనా మోటారు పెట్టి లాగేస్తున్నారా? మన పేటలోనే తిరిగి వచ్చేయకండి. మీకు ఎన్నడూ ఓటు వేయరనుకునే బజారులో రెండుసార్లు ఎక్కువ తిరగండి.

పగలు పంచాయతీ ఆఫీసుకి వెళ్లి కార్యదర్శి దగ్గర కూర్చోండి. తీర్మానాల పుస్తకం ఎలా ఉంటుంది, ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టరు ఎలా ఉంటుంది, పని కొలతలు ఇంజినీరు రాసే ఎం-బుక్ ఎలా ఉంటుంది అన్నవి చూడండి. చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టవచ్చు, కానీ మొదటి వారమే అర్జీతో మొదలుపెట్టకండి. రేపు మీరు ఆ కార్యదర్శితోనే ఐదేళ్లు పనిచేయాలి. పదిహేనో ఆర్థిక సంఘం (2021-26) నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేసి ఇచ్చారు, 40 శాతం మాత్రమే మిగతా అవసరాలకి. ఈ ఒక్క ముక్క తెలిసినా "గెలిస్తే ఊరంతా రోడ్లు వేయిస్తా" అని నోరు జారరు. అబద్ధం ఆడకూడదు అనేది మన ఇళ్లలో చిన్నప్పటి నుంచీ విన్నమాటే కదా, ఎన్నికల హామీకి మినహాయింపు ఎక్కడా రాయలేదు.

రెండో పని: సర్టిఫికెట్ సంగతి తేల్చుకోండి

ఇది తొందరగా దాటేసే విషయం కాదు. మన చర్చిల్లో దీని గురించి గుసగుసలే గానీ గట్టిగా మాట్లాడేవాళ్లు తక్కువ.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులని చేర్చలేదు. మాల, మాదిగ కుటుంబాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లని మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ గ్రూపులో పెట్టారు. గిరిజనులకి ఈ చిక్కు లేదు, ఎస్టీ హోదాకి మతంతో ముడిపెట్టలేదు.

అంటే ఎస్సీకి రిజర్వైన సీటులో బాప్తిస్మం తీసుకుని చర్చిలో సభ్యత్వం ఉన్నవాళ్లు పోటీ చేయడానికి చట్టం ఒప్పుకోదు. జనరల్ సీటులో చేయవచ్చు. బీసీ-సీ సర్టిఫికెట్ తీసుకుంటే బీసీ సీటులోనూ చేయవచ్చు. 2013లో మా వార్డు బీసీకి వచ్చింది, నేను ఆ సర్టిఫికెట్ మీదే నిలబడ్డాను.

"అందరూ అలాగే చేస్తున్నారు కదా" అంటారు. నిజమే, చేస్తున్నారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే అని ఉంది. ఆదివారం పొద్దున ఏ పేటకి వెళ్లి చూసినా ఆ అంకె నమ్మబుద్ధి కాదు. పిల్లాడి సీటు, ఉద్యోగం, హాస్టలు, అట్రాసిటీ చట్టం రక్షణ అన్నీ ఒక కాగితం మీద ఉన్నప్పుడు ఆ కాగితం వదులుకోమని చెప్పడం తేలిక కాదు. మతం మారినా ఊళ్లో కులం మారదు, టీ గ్లాసు దగ్గర చూసినవాళ్లం మనమే. క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. ఆ పోరాటం న్యాయమైందనే నా నమ్మకం, అందులో ఉండండి.

కానీ పోటీకి దిగే మనిషి సంగతి వేరు. 2024 నవంబరులో పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని తేల్చింది. 2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా, పాస్టరుగా పనిచేస్తున్న ఒకాయన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద పెట్టిన కేసు చెల్లదంది. చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా సరే అంది. కేరళలో దేవికుళం ఎమ్మెల్యే సంగతి చూడండి. ఎస్సీ సీటులో 2021లో గెలిచారు, ఆయన క్రైస్తవుడంటూ ఓడిన అభ్యర్థి కోర్టుకెళ్లారు, 2023లో హైకోర్టు ఎన్నిక రద్దు చేసింది, 2025లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి ఎన్నికని నిలబెట్టింది. చివరికి గెలిచినా నాలుగేళ్లు కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆయన వెనక పార్టీ ఉంది. మీ వెనక ఎవరుంటారు? ఓడినవాడు మీ పెళ్లి ఫోటో, చర్చి రిజిస్టరు జిరాక్సు పట్టుకుని కోర్టుకి వెళ్తే మీ పాస్టరు గారిని సాక్షిగా పిలుస్తారు. ఆయన నిజం చెప్తే మీరు పోతారు, అబద్ధం చెప్తే ఆయన పోతారు. ఆయన్ని ఆ బోనులో నిలబెట్టే పరిస్థితి తెచ్చుకోకండి.

ఇంట్లో ఈ మాట చెప్పినప్పుడు మా బావ రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆయన పిల్లలు పాత సర్టిఫికెట్ల మీదే చదువుకున్నారు. నేను ఆయన్ని తప్పుపట్టలేదు, ఇప్పటికీ పట్టను. పోటీ చేసేది నేను కాబట్టి నా కాగితం నాకు తిన్నగా ఉండాలనుకున్నాను, అంతే.

పాస్టరు గారితో నామినేషన్‌కి ముందే మాట్లాడండి

నేను చేయని పని ఇదే. ఆయన ఇంటికి వెళ్లి టీ తాగుతూ మూడు విషయాలు స్పష్టంగా చెప్పండి. చర్చి లోపల నా పేరు ఎత్తవద్దు. చర్చి వాట్సాప్ గ్రూపులో నా పోస్టర్ పెట్టనివ్వవద్దు. ఎదుటి అభ్యర్థి ఆదివారం ఆరాధనకి వస్తే అందరికీ చెప్పినట్టే ఆయనకీ వందనాలు చెప్పి కూర్చోబెట్టండి.

ఇదేదో అతి మర్యాద అనుకోకండి. గుడి, మసీదు, చర్చి ఏదైనా ఎన్నికల ప్రచారానికి వాడకూడదని ఎన్నికల నియమావళిలోనే ఉంది. మతం పేరుతో ఓటు అడగడం అవినీతి చర్య కిందికి వస్తుంది. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి నలుగురు-ముగ్గురుగా ఇచ్చిన తీర్పు ప్రకారం అభ్యర్థి మతం ఒక్కటే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పే. అది శాసనసభ, పార్లమెంటు ఎన్నికల చట్టం మీద వచ్చిన తీర్పు. పంచాయతీకీ నియమం అటువంటిదే.

ప్రార్థన చేయవద్దని ఎవరూ అనరు. "ఊరికి మంచి నాయకుడిని ఇవ్వు ప్రభువా, ఎన్నికలు గొడవలు లేకుండా జరిగేలా చూడు" అంటే ఆ ప్రార్థన హారన్ మైకులో ఊరంతా విన్నా ఇబ్బంది లేదు.

ఇంకొక మాట. మన పెద్దలకి ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1932 కమ్యూనల్ అవార్డు భారతీయ క్రైస్తవులకి కూడా ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. మన దోర్నకల్‌లో 1912 నుంచి బిషప్‌గా ఉన్న వి.ఎస్. అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్, అలాంటి ప్రత్యేక నియోజకవర్గాలకి ఒప్పుకోలేదు. తర్వాత రాజ్యాంగ సభలో ఉపాధ్యక్షుడిగా, మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షుడిగా ఉన్న హెచ్.సి. ముఖర్జీ కూడా క్రైస్తవుడే. మత మైనారిటీలకి రిజర్వు సీట్లు వద్దని 1949లో తీర్మానించినప్పుడు ఆయన ఆ పక్షానే నిలబడ్డారు. వాళ్ల నిర్ణయం వల్ల మనకి నష్టం జరిగిందనేవాళ్లూ ఉన్నారు, ఆ వాదన కొట్టిపారేయలేను. ఏదేమైనా ఫలితం మన ముందుంది. ఈ దేశంలో క్రైస్తవుడు ఊరి పెద్ద కావాలంటే క్రైస్తవేతరుల గుమ్మం ఎక్కి ఓటు అడగాల్సిందే.

డబ్బు

ముందుగా లెక్క. తెలంగాణలో 2025 డిసెంబరు ఎన్నికలకి సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి, జనాభా 5,000 దాటిన పంచాయతీలో 2.5 లక్షలు, అంతకు తక్కువైతే 1.5 లక్షలు. వార్డు మెంబరుకి 50 వేలు, 30 వేలు. ఫలితాలు వచ్చాక 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి. ఓడినవాళ్లూ ఇవ్వాలి. ఇవ్వకపోతే మళ్లీ పోటీకి అనర్హత పడే ప్రమాదం ఉంది. నామినేషన్ వేసిన రోజు నుంచి ప్రతి టీ బిల్లు ఒక కవర్లో వేయండి.

ఇక బయటి నుంచి వచ్చే డబ్బు. ఇది మనవాళ్లకి ప్రత్యేకం కాబట్టి గట్టిగా చెప్తున్నాను. విదేశీ విరాళాల చట్టం 2010 ప్రకారం ఎన్నికల అభ్యర్థి గానీ, చట్టసభ సభ్యుడు గానీ విదేశీ విరాళం తీసుకోకూడదు. పంచాయతీకీ మనకీ ఇది వర్తించదులే అనుకుంటారు. ఆ చట్టంలో "చట్టసభ" అన్న మాటకి ఇచ్చిన అర్థంలో పంచాయతీ, మునిసిపాలిటీ కూడా ఉన్నాయి. అంటే ఏడో వార్డు మెంబరుకీ వర్తిస్తుంది. మీ చర్చికి బయటి దేశం నుంచి సహాయం వస్తుంటే అందులో నుంచి ఒక కుర్చీ అద్దె కూడా మీ ప్రచారానికి పోకూడదు. ప్రేయర్ గ్రూపులో పరిచయమైన విదేశీ బ్రదర్ "ప్రభువు నాతో మాట్లాడాడు, కొంచెం పంపిస్తాను" అన్నా వందనాలు చెప్పి వద్దనండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు లాంటి దగ్గర బంధువులు ఇచ్చే దానికి చట్టంలో వెసులుబాటు ఉంది, అయినా ఆడిటరుని ఒకసారి అడిగి తీసుకోండి. చర్చి కానుకల డబ్బు ఎక్కడిదైనా ముట్టుకోకండి. ముసలమ్మ కొంగు ముడి విప్పి వేసిన పది రూపాయలు మీ ఫ్లెక్సీకి కాదు.

ఓటుకి నోటు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. పోలింగ్ ముందు రాత్రి మా ఊళ్లో ఎదుటివాళ్లు ఓటుకి వెయ్యి ఇచ్చారు. పది గంటలకి మా యూత్ కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చి, "అన్నా, మన బజారులో కూడా తీసుకుంటున్నారు, కనీసం ఐదొందలైనా ఇద్దాం, లేకపోతే పోయినట్టే" అన్నాడు. లోపల బీరువాలో మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు ఉంది, బూత్ ఖర్చులకని. చేయి అటు వెళ్లలేదని గొప్పగా చెప్పను. తాళం చెవి తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆవిడే వచ్చి తాళం చెవి తీసుకుని పడుకోమంది. మర్నాడు ఓడిపోయాం. గాజులు ఆ నెలలోనే విడిపించుకున్నాం.

మీరైతే ఏం చేయాలి? ఆ రాత్రి నిర్ణయం ఆ రాత్రికి వదిలేయకండి. నామినేషన్‌కి ముందే భార్యాభర్తలు కూర్చుని తేల్చుకోండి. పంచం అనుకుంటే ఆ మాట ప్రచారం మొదటి రోజే ఊళ్లో చెప్పేయండి, వెంట తిరిగే కుర్రాళ్లకి ముందే చెప్పండి. మాతో తిరిగినవాళ్లలో నలుగురు ఆ మాట విని మొదటి వారమే జారుకున్నారు. ఆ రాత్రి జారుకోవడం కంటే నయం. మందు సంగతి చెప్పక్కర్లేదు అనుకుంటాను. బెల్టు షాపు మూయిస్తానని చెప్పి అక్కడి నుంచే కేసులు తెప్పించిన విశ్వాసులని చూశాను.

ఏకగ్రీవం పేరుతో పదవిని వేలం వేస్తే, అంటే గుడికో చర్చికో ఇంత ఇస్తానని పాడుకుంటే, అందులో చేయి పెట్టకండి. డబ్బు చర్చి కట్టడానికి వెళ్లినా అది పదవిని కొన్నట్టే.

ఓటు అడిగేటప్పుడు

నుదుటి మీద బొట్టు పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు వస్తారు. అక్కర్లేదు. మీరెవరో ఊరికి తెలుసు, పెట్టుకుంటే ఇంకా నవ్వుతారు. అలాగని బైబిలు చంకలో పెట్టుకుని తిరగనూ వద్దు. "నెల క్రితం మీ మూల స్తంభం లైటు వెలగట్లేదని రాసుకున్నానండి, ఇప్పటికీ వెలగట్లేదు" అని చెప్తే చాలు. రాత్రిపూట తిరిగిన నోటుబుక్కు ఇక్కడ పనికొస్తుంది. "గెలిస్తే మతం మార్చేస్తాడట కదా" అని ఎవరైనా మొహం మీదే అడిగితే కోపం తెచ్చుకోకండి. అడిగినవాళ్లు నయం, అడగనివాళ్లతోనే కష్టం. "పింఛనుకి, నీళ్లకి మతం లేదు పెద్దాయనా, నేను పెడితే మీరే నన్ను దించండి" అని చెప్పి బయల్దేరండి.

గెలిచాక మొదటి రోజు: ప్రమాణం, కొబ్బరికాయ

ప్రమాణ పత్రంలో రెండు దారులు ఉంటాయి. దేవుని పేర ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుని పేరు లేకుండా సత్యనిష్ఠతో అని చెప్పవచ్చు. ఒట్టు పెట్టుకోవద్దు, మీ మాట అవునంటే అవును కాదంటే కాదు అన్నట్టు ఉండాలి అన్న యేసు మాటని తు.చ. తప్పకుండా పాటించే సంఘాలవాళ్లు రెండోది ఎంచుకుంటారు. నేను దైవసాక్షిగానే చేశాను. ఏది చేసినా ఫరవాలేదు, ముందు రోజే కార్యదర్శికి చెప్పండి. వేదిక మీద తడబడితే అదో కబురవుతుంది.

అసలు పరీక్ష కొబ్బరికాయ. మా వార్డులో సైడు కాలువ పని మొదలైన రోజు పసుపు, కుంకుమ, కర్పూరం, కాయ అన్నీ సిద్ధం చేసి, అందరి ముందూ కాయ నా చేతిలో పెట్టారు. కొడితే చర్చిలో మాట, కొట్టకపోతే ఊళ్లో మాట. నేను అప్పటికే చెప్పి ఉంచిన మనిషి ఒకరున్నారు. ఆ కాలువలో ముప్ఫై ఏళ్లుగా పూడిక తీస్తున్న పారిశుద్ధ్య కార్మికురాలు. కాయ రెండు చేతులతో తీసుకుని ఆమె దగ్గరికి వెళ్లి, "పెద్దమ్మా, ఈ కాలువ గురించి నీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు, నువ్వు కొట్టు" అన్నాను. ఆమె ముందు భయపడింది, సర్పంచ్ వంక చూసింది. ఆయన తల ఊపారు. ఒక్క దెబ్బకి పగలగొట్టింది. నేను పార తీసుకుని మట్టి తవ్వాను. ఆ రోజు నుంచి మా ఊళ్లో ఏ పని మొదలుపెట్టినా కాయ ఆమె చేతికే ఇస్తున్నారు, అది నేను అనుకోని సంగతి.

మీ మనస్సాక్షి కొట్టమంటే కొట్టండి, నేను వద్దనను. ప్రసాదం తీసుకోవడం, బొట్టు పెట్టించుకోవడం, బొడ్రాయి పండక్కి వెళ్లడం ఇవన్నీ సంఘానికో రకంగా ఉంటాయి. మీ హద్దు ఎక్కడో ముందే గీసుకుని, దాన్ని ఎదుటివాళ్లని కించపరచకుండా ఎలా చెప్పాలో సాధన చేయండి. హద్దు గీసుకున్నాక మిగిలినదంతా చేయండి. జాతరకి ట్యాంకరు నీళ్లు, లైట్లు, బ్లీచింగు ఏర్పాట్లు దగ్గరుండి చూడండి. జాతర మర్నాడు పొద్దున్నే చెత్త ఎత్తించేటప్పుడు అక్కడ ఉన్న నాయకుడు మీరొక్కరే అవుతారు. కొబ్బరికాయ కొట్టలేదన్న మాట అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

మనవాళ్లు అడిగేవి

గెలిచిన నెలకి మొదలవుతుంది. "మనోడే కదా" అంటూ చర్చి ప్రహరీ గోడ, చర్చి బోరు, చర్చికి లైట్లు అడుగుతారు. రాజ్యాంగం 27వ అధికరణం ఒక మతాన్ని పెంచడం కోసం ఎవరి చేతా పన్ను కట్టించకూడదంటుంది. పంచాయతీ డబ్బు ఊరందరి పన్ను. నేను వాడిన కొలబద్ద చెప్తాను. చర్చి అక్కడ లేకపోయినా ఆ పని చేయాల్సిందేనా? చర్చి బజారులో 22 ఇళ్లున్నాయి, వర్షం వస్తే మోకాళ్ల లోతు నీళ్లు, కాబట్టి సీసీ రోడ్డు సరైనదే. ప్రహరీ గోడ కాదు, అది మనం చందాలు వేసుకుని కట్టుకోవాలి. చర్చికి సంబంధించిన అంశం ఏదైనా మీటింగులో వస్తే "నేను ఆ సంఘం సభ్యుణ్ణి, చర్చలో ఉండను" అని లేచి బయటికి వెళ్లి, ఆ మాట మినిట్స్‌లో రాయించండి. నాకు సంఘంలో ఇద్దరు పెద్దలు ఈ విషయంలో ఇప్పటికీ మొహం చాటేస్తారు.

సమాధుల స్థలం మాత్రం వేరు. అది నిజమైన కష్టం. మనం పాతిపెడతాం, చోటు నిండిపోతుంది, పొలాలవాళ్లు దారి ఇవ్వరు. వానాకాలంలో పెట్టె భుజాన వేసుకుని మడి గట్ల మీద నడిచినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. దీన్ని చర్చి డిమాండుగా పెట్టకండి. ఊళ్లో ఎవరెవరికి శ్మశానం లేదు, ఎవరికి ఉన్నా దారి లేదు అని మొత్తం జాబితా రాయండి. మా ఊళ్లో రాస్తే మనతోపాటు హిందువులైన మాదిగ కుటుంబాలు, ముస్లింలు, వలస వచ్చిన వడ్డెరలు తేలారు. గ్రామసభలో అందరి తరఫున ఒకే తీర్మానం పెట్టించండి. ప్రభుత్వ భూమి సర్వే నంబర్లు ఊరి రెవెన్యూ ఉద్యోగి దగ్గర తీసుకుని, తీర్మానం కాపీతో తహసీల్దారుకి అర్జీ ఇచ్చి, సర్వేయరు వచ్చే రోజున నాలుగు సమాజాల మనుషులూ అక్కడ ఉండేలా చూడండి. ఒక్క సమాజమే వెళ్తే ఫైలు పక్కన పడేస్తారు, నలుగురూ వెళ్తే కుర్చీలు వేస్తారు. మాకు మూడేళ్లు పట్టింది, ఎకరం పావు వచ్చింది.

ప్రార్థన చేయమని ఎవరైనా అడిగితే చేయవచ్చా అని చాలామంది అడుగుతారు. వాళ్లు అడిగితే, వాళ్లింట్లో, పంచాయతీ పని పూర్తయ్యాక చేయండి. పింఛను కాగితం మీద సంతకం పెట్టకముందు ఎవరి తల మీదా చేయి పెట్టకండి.

ఆదివారం పొద్దున ఫోన్ ఎవరికి ఇవ్వాలో కూడా చూసుకోండి. నీళ్ల మోటారు ఆదివారమే కాలిపోతుంది. నేను పక్క వార్డు మెంబరుకి చెప్పుకుని, ఆయన శబరిమల వెళ్లిన రోజుల్లో ఆయన వార్డు నేను చూసేవాణ్ణి.

లెక్కలు ఎవరికి చెప్పాలి

గ్రామసభ ఎలాగూ ఉంది. తెలంగాణ 2018 చట్టం రెండు నెలలకోసారి పెట్టమంటుంది. చెక్కుల మీద సర్పంచ్‌తోపాటు ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలంటుంది. కానీ గ్రామసభలో అరిచేవాళ్లు అరుస్తారు, మిగతావాళ్లు టీ తాగి వెళ్లిపోతారు.

నెహెమ్యా అధికారిగా ఉన్న 12 ఏళ్లూ తనకి రావాల్సిన భత్యం తీసుకోలేదని రాసుకున్నాడు. గోడ 52 రోజుల్లో పూర్తయింది. ఎవరెవరు ఏ ముక్క కట్టారో పేరుపేరునా రాయించాడు, మెడ వంచి పని చేయని తెకోవ పెద్దల సంగతి కూడా వదలకుండా. ఆ చిట్టా చదివితే ఎం-బుక్ గుర్తొస్తుంది నాకు.

2013లో గెలిచిన వారమే సంఘంలో ముగ్గురిని ఎంచుకున్నాను. రిటైరైన టీచరమ్మ ఒకరు, ఆటో నడిపే కుర్రాడు, స్త్రీల సమాజంలో ఎవరి మాటా లెక్కచేయని ఒక అక్క. నన్ను ఇష్టపడేవాళ్లని కావాలనే వదిలేశాను. నెలాఖరు ఆదివారం ఆరాధన అయ్యాక వెనక బెంచీలో గంటసేపు. వార్డుకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, నా మోటారు సైకిలు పెట్రోలు ఎవరు పోయించారు, కాంట్రాక్టరు ఇంట్లో పెళ్లికి నాకెందుకు బట్టలు పెట్టారు, అన్నీ అడిగేవాళ్లు. బయటి ఊరివాళ్లకి వాళ్ల పేర్లు తెలియవు, తెలియక్కర్లేదు.

ఒక నెల కొత్త ఎల్‌ఈడీ దీపాలు పదహారు వచ్చాయని చెప్పాను. టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని, "రాత్రి నేను లెక్కపెట్టాను బాబూ, పన్నెండే వెలుగుతున్నాయి, ఆ నాలుగు ఎక్కడ?" అంది. నాకు తెలియదు. సర్పంచ్‌ని అడుగుతానన్నాను. "అడిగి చెప్పు, అప్పటిదాకా బల్లారాధనలో ముందు వరసలో కూర్చోకు" అంది. మర్నాడు స్టోరు రూములో రెండు దొరికాయి. మిగతా రెండు లైన్‌మన్ వాళ్ల బావమరిది ఇంటి ముందు వెలుగుతున్నాయి. నిచ్చెన తెప్పించి దింపించాను.